విదేశీ రాంచ్‌లో బస: విశాఖ నుంచి బయలుదేరేవారికి సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో విదేశయాత్రకు సిద్ధమయ్యే కుటుంబాల్లో చాలావాటికి అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన కొడుకో కూతురో ఉంటారు. వారి ఇల్లు, దాని చుట్టుపక్కల నగరాలు, ఒకటి రెండు జలపాతాలు చూసేసరికి సెలవు ముగుస్తుంది. అదే యాత్రలో నాలుగైదు రోజులను పశువులు మేపుకొని బతికే ఒక రాంచ్‌కు కేటాయిస్తే, ఆ దేశపు గ్రామీణ జీవితాన్ని కిటికీలోంచి కాకుండా లోపలి నుంచి చూడగలుగుతారు. అయితే ఈ బసకు హోటల్ బస లెక్కలు సరిపోవు. పని జరిగే రాంచ్‌లో మొదటి స్థానం మందది, రెండోది వాతావరణానిది, అతిథిది ఆ తరువాతి స్థానం. తేదీలు, దుస్తులు, భోజనం, వీసా, నడవడిక అన్నీ ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడతాయి కాబట్టి, కింద చెప్పిన అడుగులన్నింటినీ దీన్ని దృష్టిలో పెట్టుకొని చదవండి.

మొదటి అడుగు: ఏ రకం రాంచ్ కావాలో తేల్చుకోవడం

రాంచ్ పేరుతో బస ఇచ్చే చోట్లు స్థూలంగా మూడు రకాలు. మొదటి రకంలో అతిథులే ప్రధాన ఆదాయం. గుర్రపు స్వారీ, ఈతకొలను, పిల్లలకు ఆటలు, రాత్రి పాటలు ఉంటాయి కానీ మంద ఉండకపోవచ్చు, ఉన్నా అలంకారప్రాయంగా ఉంటుంది. రెండో రకంలో పశువుల అమ్మకం, అతిథుల రాక రెండూ ఆదాయమార్గాలే. అక్కడ మీరు కాపరుల వెంట గుర్రం మీద వెళ్లి మందను ఒక పచ్చిక నుంచి మరో పచ్చికకు తోలడంలో పాలుపంచుకోవచ్చు. మూడో రకం పూర్తిగా పశుపోషణ మీదే నడిచే కుటుంబ రాంచ్. ఖాళీగా ఉన్న ఒక గదినో, పాత పనివారి ఇంటినో అద్దెకు ఇస్తారు. పని చూడనిస్తారు, కొంత చేయనిస్తారు, కానీ మీ కోసం ప్రత్యేకంగా కార్యక్రమం ఏదీ ఉండదు.

మొదటిసారి వెళ్లేవారికి, ముఖ్యంగా పిల్లలతోనో పెద్దవారితోనో వెళ్లేవారికి, రెండో రకమే సరైనదని నా అభిప్రాయం. అమెరికాలో ఈ సంప్రదాయానికి శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. ఈటన్ సోదరులు 1904లో వ్యోమింగ్‌లోని వుల్ఫ్ అనే చోటికి తరలించిన రాంచ్ నేటికీ అతిథులను స్వీకరిస్తోంది. ఇలాంటి యజమానులు 1926లో డ్యూడ్ రాంచర్స్ అసోసియేషన్ అనే సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఆ సంఘపు సభ్యుల పట్టిక నుంచి వెతకడం మొదలుపెడితే, ఊరూపేరూ లేని ప్రకటనల వెంట పడవలసిన అవసరం ఉండదు.

బసకు ముందు రాంచ్ ఎలా ఉంటుందో ఒక పూట చూసి నిర్ణయించుకోవాలనుకుంటే మోంటానాలోని డీర్ లాడ్జ్‌లో ఉన్న గ్రాంట్-కోర్స్ రాంచ్‌కు వెళ్లవచ్చు. దాన్ని అమెరికా జాతీయ పార్కుల సేవాసంస్థ నిర్వహిస్తోంది. అక్కడ ఇప్పటికీ పశువులను పెంచుతూ, గడ్డి కోస్తూ పాతకాలపు పనులను చూపిస్తారు. కెనడాలోని అల్బర్టాలో బార్ యు రాంచ్‌ను కూడా ఇదే తీరున జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుతున్నారు.

రెండో అడుగు: దేశాన్ని ఎంచుకోవడం

అమెరికాలో మోంటానా, వ్యోమింగ్, కొలరాడో, అరిజోనా, టెక్సస్ రాష్ట్రాలు రాంచ్ బసకు ప్రసిద్ధి. ఉత్తరాన ఉన్న మూడు రాష్ట్రాల్లో వేసవి నెలలు అనుకూలం. అరిజోనాలో, దక్షిణ టెక్సస్‌లో ఎండ తీవ్రత వల్ల శీతకాలం, వసంతకాలం మేలు. మీ పిల్లలు డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటే శాన్ ఆంటోనియోకు వాయవ్యంగా ఉన్న బండేరా అనే చిన్న పట్టణం చుట్టుపక్కల రాంచ్‌లు కారులో వెళ్లగలిగిన దూరంలోనే ఉంటాయి.

ఆస్ట్రేలియాలో వీటిని స్టేషన్లు అంటారు, అక్కడి కొలతలే వేరు. దక్షిణ ఆస్ట్రేలియాలోని అన్నా క్రీక్ స్టేషన్ విస్తీర్ణం 15,000 చదరపు కిలోమీటర్లకు పైనే, అంటే మన ఉమ్మడి విశాఖ జిల్లా కంటే పెద్దది. ఇంతటి చోట్ల మందను గుర్రాలతోనే కాక మోటారు సైకిళ్లతో, హెలికాప్టర్లతో కూడా పోగుచేస్తారు కాబట్టి, స్వారీ కోసమే వెళ్లేవారు ముందుగా ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి. క్వీన్స్‌లాండ్‌లోని లాంగ్‌రీచ్ ప్రాంతంలో అతిథులను ఉంచుకునే స్టేషన్లు ఉన్నాయి. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని కొండ స్టేషన్లలో మెరినో గొర్రెలే ప్రధానం. గొడ్డుమాంసం వ్యాపారానికి దగ్గరగా ఉండడం ఇష్టంలేని కుటుంబాలకు ఉన్ని మీద ఆధారపడే ఇలాంటి చోటు కొంత నెమ్మదినిస్తుంది.

అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిరిస్‌కు 110 కిలోమీటర్ల దూరంలోని శాన్ ఆంటోనియో దె అరెకో చుట్టూ ఎస్టాన్సియాలు, అంటే అక్కడి రాంచ్‌లు, ఉన్నాయి. ఒక పగలు గడిపి వచ్చే ఏర్పాటు కూడా అక్కడ సాధారణం. నవంబరు 10న జరిగే సంప్రదాయ దినోత్సవానికి గౌచోలు, అంటే అక్కడి పశువుల కాపరులు, పూర్తి వేషధారణతో గుర్రాలెక్కి ఆ పట్టణానికి వస్తారు.

మన జిల్లాల నుంచి వెళ్లేవారు ఒక్కసారైనా ఆలోచించవలసిన దేశం బ్రెజిల్. అక్కడి మందల్లో అత్యధికంగా కనిపించే నెలోరె జాతికి మూలం మన ఒంగోలు పశువే. పంతొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల దాకా ఓడల్లో వెళ్లిన పశువుల సంతతి ఇప్పుడు పంటనాల్ చిత్తడి మైదానాల్లో వేల సంఖ్యలో మేస్తోంది. పోకొనె నుంచి పోర్టో జోఫ్రె దాకా సుమారు 145 కిలోమీటర్లు సాగే ట్రాన్స్‌పంటనేరా మట్టిరోడ్డు మీద, ఆ చుట్టుపక్కల, మందలు ఉన్న ఫజెండాలు, అంటే బ్రెజిల్ రాంచ్‌లు, అతిథులకు గదులు ఇస్తాయి. తెల్లని మేను, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు ఉన్న ఆ పశువులను అంత దూరాన చూసినప్పుడు ఒంగోలు గిత్తను ఎరిగినవారికి కలిగే సంతోషం వేరే దేశస్థులకు కలగదని నేను గట్టిగా నమ్ముతాను. అమెరికాలో కూడా టెక్సస్ వేడిని తట్టుకోవడానికి మన దేశపు మూపురం పశువుల రక్తమే పనికొచ్చింది. అక్కడి బ్రాహ్మన్ జాతి, దానినుంచి కింగ్ రాంచ్‌లో రూపొంది 1940లో ప్రత్యేక జాతిగా గుర్తింపు పొందిన శాంటా గెర్ట్రూడిస్ జాతి, ఇందుకు సాక్ష్యాలు.

మూడో అడుగు: పశువుల పనిని బట్టి తేదీలు నిర్ణయించడం

మన రైతు కార్తెలను చూసుకొని నారు పోసినట్లే, రాంచ్ యజమాని ఋతువును బట్టి ఒక్కో పనికి దిగుతాడు. ఆ క్రమం తెలియకుండా సెలవు దొరికిన వారానికే గది తీసుకుంటే, మీరు చూడాలనుకున్నది అప్పటికే అయిపోయి ఉండవచ్చు, చూడలేనిది ఎదుట జరగవచ్చు.

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఆవులు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈనుతాయి. ఆ రోజుల్లో యజమానులు రాత్రుళ్లు నిద్ర లేకుండా చూడి ఆవుల వెంటే ఉంటారు కాబట్టి చాలా చోట్ల అతిథులను తీసుకోరు. మే, జూన్ నెలల్లో దూడలకు ముద్ర వేయడం, టీకాలు వేయడం, విత్తులు కొట్టడం జరుగుతాయి. జూన్‌లో మందను కొండ మీది వేసవి పచ్చికలకు తోలుతారు. జులై, ఆగస్టు గడ్డి కోత కాలం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మందను తిరిగి కిందికి దించి, దూడలను తల్లుల నుంచి వేరుచేసి అమ్మకానికి పంపుతారు. మందను తోలడం చూడాలనుకునేవారు జూన్ రెండో భాగాన్ని గానీ సెప్టెంబరును గానీ ఎంచుకోవాలి. పిల్లల వేసవి సెలవులు మే నెలతోనే ముగిసే కుటుంబాలకు ఇది ఇబ్బందే, కానీ దసరా సెలవులు శరత్కాలపు మంద దింపుడుతో కొన్నిసార్లు చక్కగా కలుస్తాయి.

కాల్చిన ఇనుముతో దూడ చర్మం మీద ముద్ర వేయడాన్ని చూసి తట్టుకోవడం అందరివల్లా కాదు. మన పల్లెల్లోనూ పశువులకు వాతలు పెట్టడం, విత్తులు నొక్కించడం ఉన్నవే అయినా, నగరంలో పెరిగిన పిల్లలు వాటిని చూసి ఉండరు. ఆ వారంలో వెళ్లదలచుకుంటే ఇంటిల్లిపాదీ ముందుగా కూర్చొని మాట్లాడుకోవాలి, వద్దనుకుంటే జులైలో వెళ్లాలి. రాంచ్‌కు చేరిన తరువాత ఆ పనిని తప్పుపడుతూ యజమానితో వాదానికి దిగడం అతిథికి తగదు.

ఉత్తర ఆస్ట్రేలియాలో మందను పోగుచేసే పని పొడి నెలలైన ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సాగుతుంది. నవంబరు నుంచి మార్చి వరకు వానలకు మట్టిరోడ్లు మూసుకుపోతాయి. పంటనాల్‌కు జులై నుంచి అక్టోబరు వరకు పొడికాలం. న్యూజిలాండ్‌లో గొర్రెలు ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య ఈనుతాయి. అర్జెంటీనా దక్షిణాన ఉన్న పటగోనియా ఎస్టాన్సియాల్లో ఉన్ని కత్తిరింపు చూడాలంటే అక్కడి వసంతం, వేసవి మొదలు అనుకూలం.

నాలుగో అడుగు: యజమానికి ముందుగా రాయడం

గది కోసం డబ్బు కట్టకముందే ఒక ఉత్తరం రాసి జవాబు తెప్పించుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన పని. ఏజెంటు ద్వారా వెళ్లినా సరే, ఈ ఉత్తరం మీరే రాయండి. మీరు ఎందరు, ఎవరి వయసు ఎంత, ఎవరికి స్వారీ వచ్చు, ఎవరికి రాదు అన్నది మొదట చెప్పాలి. రాని స్వారీని వచ్చునని రాస్తే, చురుకైన గుర్రాన్ని ఇచ్చి మిమ్మల్ని ప్రమాదంలో పడేస్తారు. ఎత్తు, బరువు కూడా రాయాలి. గుర్రం నడుము కాపాడడానికి చాలా రాంచ్‌లు సుమారు 100 నుంచి 110 కిలోల మధ్య ఎక్కడో ఒక పరిమితి పెట్టుకుంటాయి. పిల్లలను ఆరేడేళ్లు నిండితే గానీ ఒంటరిగా గుర్రం ఎక్కించరు.

తరువాత అడగవలసినవి ఇవి. మీరు ఉండే వారంలో మందతో ఏ పని జరుగుతుంది, అందులో అతిథులకు ఎంతవరకు చోటు ఉంటుంది? స్వారీ చేయని పెద్దవారు పగలంతా ఏం చేయగలరు, వారికి ధర తగ్గుతుందా? తలకు హెల్మెట్ ఇస్తారా? దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, ఫోను పనిచేస్తుందా? వాన వల్ల గానీ అడవిమంటల వల్ల గానీ దారి మూసుకుపోతే కట్టిన డబ్బు సంగతి ఏమిటి? ఈ ప్రశ్నలకు ఓపికగా, తేటగా జవాబిచ్చే యజమాని దగ్గరికే వెళ్లండి. గదుల ఫొటోలు పంపి మంద గురించి ఒక్క మాట కూడా చెప్పలేనివారి దగ్గర మంద ఉండదు.

భోజనం గురించి ఇదే ఉత్తరంలో విడమరచి రాయాలి. శాకాహారులమని మాత్రం రాస్తే చాలదు. మాంసం, చేప, కోడి, వాటిని ఉడికించిన నీరు, పంది కొవ్వు ఏవీ తినమని, గుడ్డు తింటామో తినమో, పాలు పెరుగు తీసుకుంటామని ఒక్కొక్కటిగా చెప్పాలి. టెక్సస్‌లో, అర్జెంటీనాలో చూడడానికి కూరగాయల వంటకంలా ఉన్నదాంట్లోనూ మాంసం ఉడికించిన నీరు, చిక్కుడుగింజల కూరలో పంది కొవ్వు కలిసి ఉండవచ్చు. మాంసాహారులైనా గొడ్డుమాంసం తినని కుటుంబాలు ఆ మాట తప్పక రాయాలి, ఎందుకంటే రాంచ్‌లో పూటపూటకూ వడ్డించేది అదే. ఊరికి వెళ్లి సరుకులు తేవడానికి వారికి సగం రోజు పడుతుంది కాబట్టి రెండు వారాల ముందే తెలియజేస్తే బియ్యం, పప్పు, కూరగాయలు తెప్పించి ఉంచుతారు. చేరిన రాత్రి బల్ల ముందు కూర్చొని చెబితే రొట్టె, ఉడికించిన బంగాళాదుంప తప్ప మరేదీ దొరకదు.

ఐదో అడుగు: వీసా, ఆరోగ్య పత్రాలు

ఇక్కడ ఒక గీతను స్పష్టంగా చూడాలి. డబ్బు కట్టి, అతిథిగా ఉంటూ, సరదాగా మందను తోలడంలో పాల్గొనడం పర్యాటకం. జీతానికి బదులుగా తిండి, గది తీసుకొని పని చేయడం ఉద్యోగం. అమెరికా బీ1/బీ2 వీసా మీద, ఆస్ట్రేలియా సందర్శక వీసా మీద రెండోది నిషిద్ధం. న్యూజిలాండ్‌లో బసకు బదులు పని చేసినా దాన్ని పనిగానే లెక్కిస్తారు. ఉచితంగా ఉండనిస్తాం, రోజుకు నాలుగు గంటలు సాయం చేయండి అనే ప్రకటనలు చూసి యువతీయువకులు ఆశపడుతుంటారు. సరైన వీసా లేకుండా అలా దొరికిపోతే వెనక్కి పంపడమే కాక, తరువాతి దరఖాస్తులు కూడా చిక్కుల్లో పడతాయి. ఆస్ట్రేలియాలో నిజంగా పని చేస్తూ ఉండాలనుకునే 18 నుంచి 30 ఏళ్ల భారతీయులకు 462 తరగతి వర్క్ అండ్ హాలిడే వీసా 2024లో అందుబాటులోకి వచ్చింది. ఏడాదికి వెయ్యి మందికి అవకాశం, ఎంపిక లాటరీ పద్ధతిలో జరుగుతుంది.

అమెరికా వీసా ఇంటర్వ్యూ మనవారికి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో జరుగుతుంది. ప్రయాణ ఉద్దేశం అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పాలి: పిల్లలను చూసి, ఒక రాంచ్‌లో డబ్బు కట్టి నాలుగు రోజులు ఉంటామని చెప్పి, అడిగితే రసీదు చూపాలి. రాంచ్‌లో పనిచేస్తాం అన్న మాట నోట రాకూడదు, ఎందుకంటే మీరు చేయబోయేది అది కాదు. పాస్‌పోర్టు గడువు తక్కువగా ఉంటే ముందుగా మర్రిపాలెం కార్యాలయంలో ఆ పని చూసుకోవాలి.

బ్రెజిల్, అర్జెంటీనాలకు వెళ్లేవారికి పసుపు జ్వరం టీకా తప్పనిసరిగా భావించాలి. ఆ దేశాల నుంచి తిరిగి వచ్చేటప్పుడు టీకా పత్రం చూపలేకపోతే మన దేశంలోనే విమానాశ్రయం నుంచి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తరువాత గానీ పత్రం చెల్లుబాటు కాదు, ఆ తరువాత జీవితాంతం చెల్లుతుంది. విశాఖలో పోర్టు ఆరోగ్య సంస్థ ఈ టీకా కేంద్రాల్లో ఒకటి. టీకా ఇచ్చే రోజులను ముందుగా విచారించుకొని వెళ్లడం మంచిది. ధనుర్వాతం టీకా ఏ దేశానికైనా అవసరమే.

బీమా విషయంలో ఒక వాక్యం కోసం వెతకండి: గుర్రపు స్వారీలో తగిలిన గాయాలకు వర్తిస్తుందా లేదా అన్నది. సాధారణ ప్రయాణ బీమాల్లో చాలావరకు సాహస క్రీడలను మినహాయిస్తాయి. వర్తిస్తుందని కంపెనీ నుంచి లిఖితపూర్వకంగా తెప్పించుకోవాలి. మారుమూల నుంచి ఆసుపత్రికి విమానంలోనో హెలికాప్టర్‌లోనో తరలించే ఖర్చు కూడా అందులో ఉండాలి. ఆస్ట్రేలియా మారుమూల స్టేషన్లకు 1928లో మొదలైన రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ విమానాల్లో వైద్యం అందిస్తోంది, కానీ విమానం వచ్చేదాకా గాయపడిన మనిషి ఆ మైదానంలోనే వేచి ఉండాలి. చేరిన రోజున ప్రమాదాలకు రాంచ్ బాధ్యత వహించదన్న పత్రం మీద సంతకం చేయించుకుంటారు. దాన్ని పూర్తిగా చదివాకే సంతకం చేయండి.

ఆరో అడుగు: శరీరాన్ని సిద్ధం చేసుకోవడం

ఆర్.కె. బీచ్‌లో పగ్గం పట్టుకొని నడిపించే గుర్రం మీద ఒక చుట్టు తిరగడం స్వారీ నేర్చుకోవడం కాదు. శిక్షకుడి దగ్గర కొన్ని గంటలైనా ఎక్కడం, దిగడం, ఆపడం, మళ్లించడం నేర్చుకొని వెళితే అక్కడి మొదటి రెండు రోజులు వృథా కావు. అది కుదరనివారు తొడలకు, నడుముకు బలం వచ్చే వ్యాయామం చేయాలి. వారానికి రెండు మూడుసార్లు సింహాచలం మెట్లదారిన కొండెక్కి దిగితే చాలావరకు సరిపోతుంది. నాలుగు గంటలు జీను మీద కూర్చున్న మరునాడు నొప్పి పుట్టేది ఆ కండరాలే.

మనం సముద్రమట్టం నుంచి వెళుతున్నామని మరవకూడదు. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. కొలరాడో, వ్యోమింగ్ రాంచ్‌లు కొన్ని 2,000 నుంచి 2,500 మీటర్ల ఎత్తున ఉంటాయి. మొదటి రెండు రోజులు తలనొప్పి, ఆయాసం రావచ్చు. నీరు ఎక్కువగా తాగి, మొదటి రోజు స్వారీ మానుకొని, గుండె జబ్బు ఉన్నవారు బయలుదేరే ముందే వైద్యుని సలహా తీసుకోవాలి. గర్భిణులు గుర్రం ఎక్కకూడదన్నది అందరికీ తెలిసిందే. ఈనే గొర్రెలకు, ఆవులకు కూడా వారు దూరంగా ఉండాలన్నది తెలియనివారు ఎక్కువ. ఈనినప్పుడు పడే మాయ నుంచి, ద్రవాల నుంచి గర్భానికి హాని చేసే సూక్ష్మక్రిములు సోకవచ్చు.

ఏడో అడుగు: సామాను, సరిహద్దు తనిఖీ

గట్టి జీన్స్, పొడుగు చేతుల నూలు చొక్కాలు, అంచున్న టోపీ, తోలు చేతితొడుగులు, మెడకు చుట్టుకునే గుడ్డ, వానకోటు తీసుకెళ్లాలి. వేసవిలో కూడా కొండ రాంచ్‌లలో తెల్లవారుజామున లంబసింగి చలి ఉంటుంది కాబట్టి ఒకదానిపై ఒకటి వేసుకునే స్వెటర్లు అవసరం. బూట్లకు చిన్న మడమ ఉండాలి. మడమ లేని బూటు రికాబులోంచి ముందుకు జారి పాదం ఇరుక్కుంటుంది, గుర్రం పరుగెత్తితే ఆ ఇరుక్కున్న కాలే ప్రాణాపాయం తెస్తుంది. చీర, దుపట్టా, వదులు పైజామా, గలగలలాడే గాజులు, పట్టీలు దొడ్డి దగ్గర వద్దు.

ఇప్పుడు చెప్పబోయేది మన దేశం నుంచి వెళ్లేవారికి మరీ ముఖ్యం. గాలికుంటు వ్యాధి మన పశువుల్లో ఇంకా ఉంది. అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో లేదు. అది ఒక్కసారి ప్రవేశిస్తే ఆ దేశపు పశువుల ఎగుమతి అంతా నిలిచిపోతుంది. బూటుకు అంటిన పేడ, బురద కూడా వైరస్‌ను మోసుకెళ్లగలవు. అందువల్ల బయలుదేరడానికి ముందు వారం రోజులైనా ఊళ్లోని పశువుల పాకలకు, సంతలకు, గోశాలలకు వెళ్లకండి. వాడిన బూట్లయితే అడుగుభాగాన్ని బ్రష్‌తో కడిగి ఎండబెట్టండి, వీలైతే కొత్తవి కొనండి. విమానంలో ఇచ్చే లేదా ఆన్‌లైన్‌లో నింపే ప్రకటన పత్రంలో ఇటీవల పశువుల దగ్గరికి, పల్లె ప్రాంతానికి వెళ్లారా అన్న ప్రశ్న ఉంటుంది. ఆస్ట్రేలియా 30 రోజుల లెక్క అడుగుతుంది. వెళ్లి ఉంటే వెళ్లామనే రాయండి, బూట్లు పరీక్షించి పంపుతారు. దాచితేనే శిక్ష. న్యూజిలాండ్‌లో ప్రకటించని తిండిపదార్థం దొరికితే అక్కడికక్కడ 400 డాలర్ల జరిమానా విధిస్తారు. పాలతో, నేతితో చేసిన మిఠాయిలు, పూతరేకులు, పచ్చి కరివేపాకు, విత్తనాలు ఇంట్లోనే వదలండి. దుకాణంలో మూతవేసి అమ్మే పచ్చళ్లు, పొడులు తీసుకెళ్లదలచుకుంటే వాటిని ప్రకటించి, అధికారి నిర్ణయానికి వదిలేయండి. రాంచ్ యజమానికి చేరిన వెంటనే, మన దేశంలో ఎప్పుడు చివరిసారి పశువుల దగ్గరికి వెళ్లామో చెప్పడం అతిథి కనీస ధర్మం.

ఎనిమిదో అడుగు: చేరుకోవడం

విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది కాబట్టి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రయాణం సులభం. అమెరికాకు, దక్షిణ అమెరికాకు హైదరాబాదో ఢిల్లీయో మీదుగా వెళ్లవచ్చు. భోగాపురం కొత్త విమానాశ్రయం కారణంగా టికెట్టు మీద బయలుదేరే చోటును సరిచూసుకోవడం మరవకండి. అక్కడ కారు అద్దెకు తీసుకునేవారు రవాణా శాఖ కార్యాలయం నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవాలి, దాని గడువు ఏడాది. అమెరికా, అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల్లో కుడివైపున నడపాలి. రాంచ్ దారుల్లో చీకటి పడ్డాక జింకలు, కంగారూలు, కంచెలేని పశువులు రోడ్డెక్కుతాయి కాబట్టి పగటి వెలుగులోనే చేరేలా బయలుదేరండి. ఫోను సిగ్నల్ ఆగిపోయేముందే పటాన్ని ఫోనులో దాచుకొని, పెట్రోలు నింపుకొని, ఇంటికి కబురు చెప్పండి. మోంటానాలో వేసవి సమయం మనకంటే పదకొండున్నర గంటలు వెనుక.

తొమ్మిదో అడుగు: రాంచ్‌లో మెలగడం

తెల్లవారకముందే గుర్రాలను దొడ్డిలోకి తెచ్చి, జీన్లు కట్టి, ఎండ ముదరకముందే మంద దగ్గరికి చేరతారు. ఉదయం ఐదున్నరకు బయలుదేరతామంటే ఐదున్నరకు గుర్రం పక్కన నిలబడాలి. భోజనం అందరికీ ఒకే బల్ల మీద, ఒకే వేళకు. ఆ బల్ల దగ్గరే మరునాటి పని నిర్ణయమవుతుంది కాబట్టి గదిలోకి పళ్లెం తీసుకెళ్లకుండా అక్కడే కూర్చోండి.

గేటు విషయంలో మినహాయింపు లేని నియమం ఒకటి ఉంది: మూసి ఉన్నదాన్ని దాటి వెంటనే మూయాలి, తెరిచి ఉన్నదాన్ని అలాగే వదలాలి. మంచి చేస్తున్నామనుకొని తెరిచిన గేటు మూస్తే, నీటి తొట్టికి దారి లేక మంద ఎండలో మలమల మాడిపోతుంది. మూసిన గేటు తెరిచి వదిలితే ఆంబోతులు, పడ్డలు కలిసిపోయి ఏడాది ప్రణాళిక చెడుతుంది.

గుర్రానికి ఎడమవైపు నుంచి, అది చూసేలా, మాట్లాడుతూ దగ్గరికి వెళ్లాలి. వెనుకగా నడవవలసి వస్తే చాలా దూరంగా నడవాలి. పగ్గాన్ని చేతికి చుట్టుకోకూడదు.

మంద దగ్గర మెలకువ మరోరకం. పశువుకు తన చుట్టూ ఒక హద్దు ఉంటుంది. మనిషి ఆ హద్దులోకి అడుగుపెడితే కదులుతుంది, బయటికి వస్తే ఆగుతుంది. దాని భుజం దగ్గర ఒక గీత ఉన్నట్లు ఊహించుకోండి. ఆ గీతకు వెనుక నిలబడితే పశువు ముందుకు నడుస్తుంది, ముందుకు వస్తే వెనక్కి తిరుగుతుంది. అమెరికా పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ ఈ సూత్రాలను వివరించి, వాటి ఆధారంగా పశువులు బెదరని దొడ్లను రూపొందించారు. అరుపులు, ఈలలు, చేతులు ఊపడం లేకుండా, సరైన చోట సరైన దూరంలో నిలబడడమే మంద తోలడంలో అసలు విద్య. మన ఊరి కాపరి కర్ర ఎత్తకుండానే గేదెలను మళ్లించడంలోనూ ఉన్నది ఇదే. అతిథులకు సాధారణంగా మంద వెనుక వరసలో చోటిస్తారు. దుమ్ము ఎక్కువ, కానీ నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ముందున్న కాపరి ఎటు తిరుగుతాడో చూస్తూ, చెప్పిన చోటు వదలకుండా ఉండాలి. ఫొటో కోసం గుర్రాన్ని ముందుకు ఉరికిస్తే మంద చీలిపోయి, దాన్ని తిరిగి పోగుచేయడానికి మధ్యాహ్నమంతా పట్టవచ్చు.

ఆవుకూ దూడకూ మధ్యలోకి ఎప్పుడూ వెళ్లకండి. కొత్తగా ఈనిన ఆవు అడవి పచ్చికల్లో పెరిగినదైతే మన పాకల్లోని సాధు పశువులా ఉండదు. రాంచ్ కుక్కలు పనిలో ఉండగా పిలవకూడదు, తిండి పెట్టకూడదు. నీటిని పొదుపుగా వాడండి. మారుమూల స్టేషన్లలో స్నానాల నీరు వాననీటి ట్యాంకు నుంచో లోతైన బోరు నుంచో వస్తుంది. ఎత్తుగడ్డిలో నడిచి వచ్చాక పిడుదులు పట్టాయేమో మోకాళ్ల వెనుక, చంకల్లో, నడుము చుట్టూ చూసుకోవాలి. అమెరికా పశ్చిమంలో రాళ్ల మధ్య చెయ్యి పెట్టకండి, గిలకపాములు ఉంటాయి.

ఒకటి మనస్ఫూర్తిగా చెప్పాలి. ఆ బల్ల దగ్గర కూర్చున్న కుటుంబం కరువు, మేత ధర, అప్పు, పిల్లలు పట్నాలకు వెళ్లిపోవడం గురించి మాట్లాడుకుంటుంది. ఆ మాటలు మన విజయనగరం, అనకాపల్లి రైతుల మాటలకు దూరమైనవి కావు. మీ ఇంట్లోనూ పాడి, వ్యవసాయం తెలిసినవారు ఉంటే వారి చేత మాట్లాడించండి. భాష రాకపోయినా, పశువును చూసి దాని వయసు చెప్పగల తాతగారికి అక్కడ దొరికే గౌరవం పెద్దది.

పదో అడుగు: డబ్బు

అమెరికాలో అతిథి రాంచ్‌లు సాధారణంగా గది, భోజనం, స్వారీ అన్నీ కలిపి ఒకే ధర చెబుతాయి. వేసవిలో చాలాచోట్ల వారం లెక్కనే తీసుకుంటారు. మనిషికి వారానికి రెండు వేల డాలర్లకు పైగా ఖర్చవుతుందని లెక్కవేసుకోండి. పనివారికి ఇచ్చే టిప్ ఆ ధరలో 15 నుంచి 20 శాతం వరకు ఉంటుంది, చివరి రోజున ఒకేచోట ఇస్తే అందరికీ పంచుతారు. ఇది అదనమని ముందే తెలియకపోతే చివరి రోజున ఇబ్బంది కలుగుతుంది. ఇక్కడి ఏజెంటు ద్వారా ప్యాకేజీ కొంటే టీసీఎస్, అంటే అమ్మేవారే ముందుగా వసూలు చేసే పన్ను, తీసుకుంటారు, ఆ రసీదు దాచుకుంటే ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

పదకొండో అడుగు: తిరిగి వచ్చాక

రాంచ్ నుంచి బయలుదేరే ముందే బూట్లు, గుడ్డలు శుభ్రంగా కడిగి ఆరబెట్టి సర్దుకోండి. యాత్రలో తరువాత మరో రాంచ్‌కు గానీ మరో దేశానికి గానీ వెళ్లేట్లయితే అక్కడి పత్రంలో ఈ బసను తప్పక ప్రకటించాలి. ఇంటికి చేరాక కొన్ని రోజులు ఊళ్లోని పాడిపశువుల దగ్గరికి ఆ బూట్లతో వెళ్లకండి. వచ్చిన రెండు మూడు వారాల్లో తీవ్రమైన జ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గు కనిపిస్తే కేజీహెచ్‌లోనో మీ వైద్యుని దగ్గరో చూపించుకుంటూ, ఏ దేశంలో, ఏ పశువుల మధ్య, ఏ పని జరుగుతుండగా ఉన్నారో, పిడుదు కుట్టిందో లేదో వివరంగా చెప్పండి. పశువుల నుంచి సోకే క్యూ జ్వరం, పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు మామూలు విషజ్వరంలాగే మొదలవుతాయి. పశువుల సంగతి తెలియని వైద్యుడు వాటికి పరీక్ష రాయకపోవచ్చు, తెలిస్తే మొదటి రోజే సరైన మందు మొదలుపెడతాడు.